లెక్కల గంటలో మన పిల్లవాడు నోరెందుకు విప్పడు?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను విద్యను గురించి మాట్లాడమన్నారు. విద్య అనేది చాలా పెద్ద మాట. దాని మీద మాట్లాడగల పెద్దలు ఈ వేదిక మీదే నలుగురున్నారు. నేను ఇరవై ఏళ్లుగా ఉర్దూ మాధ్యమంలో ప్రాథమిక బడి పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నవాడిని. అందుచేత నా చేతిలో పట్టే విషయం ఒక్కటే పట్టుకుంటాను. మా బడిలో అయిదో తరగతి దాకా చకచకా లెక్కలు చేసిన పిల్లవాడు ఆరో తరగతిలో పెద్ద బడికి వెళ్లగానే లెక్కల గంటలో మూగవాడైపోతున్నాడు. రెండు మూడు నెలల్లో చివరి బెంచీకి చేరుతున్నాడు. ఎనిమిదిలోకి వచ్చేసరికి లెక్కల గంటకు కడుపునొప్పి వస్తోంది. ఎందుకిలా అవుతోంది?

తెలివి తగ్గిందని నేననుకోను. వేసవి సెలవుల్లో తెలివి ఎక్కడికీ పోదు. పోయినది ధైర్యం.

ఇది చిన్న సంగతి కాదని ముందుగా మనవి చేసుకుంటాను. పదో తరగతి పరీక్షలో లెక్కలకు 100 మార్కులు. గట్టెక్కడానికి 35 కావాలి. ఈ 35 దగ్గర ఆగిపోయినవాడికి ఇంటర్ లేదు, పాలిటెక్నిక్ లేదు. మగపిల్లవాడైతే మెకానిక్ షెడ్డులోనో కుట్టుమిషను ముందో కూర్చుంటాడు. ఆ పనులు తక్కువవని నేననను, మా ఇంట్లోనూ ఉన్నారు. కానీ ఇష్టపడి కూర్చోవడం వేరు, ఓడిపోయి కూర్చోవడం వేరు. ఆడపిల్ల అయితే సంబంధాలు చూడడం మొదలవుతుంది. ఇన్ని జీవితాలకు తలుపు గడియ ఆ ఒక్క సబ్జెక్టు దగ్గరే పడుతోంది.

లెక్కలంటే భయం మన పిల్లలకే ఉన్న జబ్బు కూడా కాదు. 2012లో ధనిక దేశాల పదిహేనేళ్ల పిల్లలను అడిగితే, లెక్కల తరగతి కష్టంగా ఉంటుందేమోనని తరచు దిగులు పడతామన్నవారు నూటికి 59 మంది. లెక్క ముందు పెట్టుకుంటే ఏమీ తోచదన్నవారు నూటికి 30 మంది. మన దేశం సంగతి చూస్తే, 2024 అసర్ నివేదిక ప్రకారం గ్రామాల్లో అయిదో తరగతి పిల్లల్లో మామూలు భాగాహారం చేయగలవారు నూటికి 31 మంది లోపే. అన్ని కులాల పిల్లలు, అన్ని మతాల పిల్లలు ఆ లెక్కలో ఉన్నారు. అయితే అందరికీ ఉన్న కష్టం మీద మనవాళ్లకు మరొక కష్టం అదనంగా ఉంది. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మన జనం నూటికి ఒక్కరు కూడా లేరు. కర్నూలులోనో గుంటూరులోనో ఉన్నట్టు మనకు పేటలకు పేటలు లేవు. 2022లో మన రాష్ట్రంలో ఉర్దూను రెండవ అధికార భాషగా చేశారు, సంతోషమే. కానీ మా బడిలో అయిదో తరగతితో ఉర్దూ మాధ్యమం ఆఖరు. ఆపైన పిల్లవాడు వెళ్లేది తెలుగులోనో ఇంగ్లీషులోనో పాఠం చెప్పే తరగతికి. అక్కడ నలభై మందిలో మనవాడు ఒక్కడో, ఇద్దరో.

వీడికి తెలుగు రాదా అంటే బ్రహ్మాండంగా వచ్చు. వీధిలో ఆడుకునేది తెలుగులోనే. ఉత్తరాంధ్ర యాసలో వాడు మాట్లాడుతుంటే ఏ మతం పిల్లవాడో చెప్పలేరు. దూదేకుల సోదరుల ఇళ్లలోనైతే మాట్లాడేదే తెలుగు. కానీ ఆటల తెలుగు వేరు, లెక్కల తెలుగు వేరు. మా బడిలో వాడు నేర్చుకున్నది జమా, తఫ్రీఖ్, జర్బ్, తఖ్సీమ్. అక్కడ అవి కూడిక, తీసివేత, గుణకారం, భాగాహారం అవుతాయి. ఇవి నాలుగు రోజుల్లో పట్టుబడతాయి. ఆ తర్వాత వస్తాయి అసలైనవి. భిన్నంలో పై అంకెను మేము షుమార్ కునిందా అంటాం, కింది అంకెను నసబ్ నుమా అంటాం. తెలుగులో లవము, హారము. ఇంగ్లీషులో న్యూమరేటర్, డినామినేటర్. రెండు భుజాలు సమానంగా ఉన్న త్రిభుజానికి మా పుస్తకంలో ముసల్లస్ ముతసావియుస్సాఖైన్ అని పేరు. తెలుగు పుస్తకంలో సమద్విబాహు త్రిభుజం. (నిజం చెప్పాలంటే అరబ్బీనుంచి వచ్చిన ఆ పేరు మా పిల్లవాడికి ఎంత దూరమో, సంస్కృతం నుంచి వచ్చిన ఈ పేరు రైతు బిడ్డకు అంతే దూరం. ఇద్దరూ ఒకే నూతిలో పడ్డవాళ్లు. కాకపోతే మనవాడు రెండుసార్లు పడ్డాడు.) జర్బ్ అనే మాటకు గుణకారం అనీ అర్థమే, దెబ్బ అనీ అర్థమే. మా చిన్నప్పుడు మా ఉస్తాదుగారు ఆ రెండు అర్థాలూ ఒకేసారి నేర్పేవారు.

పేర్ల సంగతి ఎవరైనా ఊహించగలరు. అంకెల సంగతి మాత్రం మన ఇళ్లలో పుట్టినవాళ్లకు తప్ప తెలియదు. తెలుగులో ఇరవై తెలిసి, అయిదు తెలిస్తే ఇరవై అయిదు తెలిసినట్టే. పెద్ద స్థానం ముందు, చిన్న స్థానం వెనుక, కాగితం మీద అంకె ఎలా ఉందో నోటి మాట అలాగే ఉంటుంది. ఉర్దూలో అలా కాదు. పచ్చీస్ అంటే 25. పచాస్ అంటే 50. పచ్‌పన్ అంటే 55. పచ్‌హత్తర్ అంటే 75. పచాసీ అంటే 85. పచానవే అంటే 95. ఒకటి నుంచి నూరు దాకా దాదాపు ప్రతి అంకెకూ ఒక పేరు విడిగా కంఠస్థం చేయాలి. పైగా చిన్న స్థానమే ముందు వినిపిస్తుంది, పెద్ద స్థానం తర్వాత. ఇంకొక చిత్రం చూడండి. 29ని ఉంతీస్ అంటాం, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 39, 49, 59, 69, 79 అన్నీ ఇదే పద్ధతి. సరే, పద్ధతి తెలిసిందని పిల్లవాడు సంతోషించేలోగా 89 దగ్గర నవాసీ అంటాం, 99 దగ్గర నిన్నానవే అంటాం. అక్కడ ఒకటి తక్కువ లేదు.

ఇప్పుడు ఆరో తరగతి గదిలోకి రండి. మాష్టారు "అరవై తొమ్మిదిలోంచి ఇరవై అయిదు తీసేస్తే ఎంతరా?" అంటారు. మనవాడి బుర్రలో 69 అనగానే ఉన్‌హత్తర్ పలకాలి. ఆ మాటలో హత్తర్ అనే డెబ్భై వినిపిస్తుంది. అది డెబ్భై కాదు, అరవైల్లోనిది అని సర్దుకోవాలి. లెక్క కట్టాలి. చవాలీస్ అని వచ్చింది. దాన్ని మళ్లీ నలభై నాలుగు చేసి నోటితో చెప్పాలి. ఈలోగా పక్కవాడు చెప్పేశాడు. మాష్టారు రెండో ప్రశ్నకు వెళ్లిపోయారు. పది రోజులు ఇలా జరిగితే పిల్లవాడు తనను గురించి ఒక తీర్పు రాసేసుకుంటాడు. "నేను మందంగా ఉన్నాను" అని. వాడు మందం కాడు. పక్కవాడు ఒక లెక్క చేశాడు, వీడు అదే వేళకు మూడు పనులు చేశాడు.

1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతి గదుల్లో టేపు రికార్డర్లు పెట్టి చూసింది. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయుడు జవాబు కోసం ఎంతసేపు ఆగుతాడు? సుమారు ఒక్క సెకను. అంతే. మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకున్న ఉపాధ్యాయుల తరగతుల్లో జవాబులు పొడుగయ్యాయి, ఎన్నడూ నోరు విప్పని పిల్లలు విప్పారు. మూడు సెకన్లంటే ఎంతండీ? కళ్లద్దాలు తుడుచుకునేంత సేపు. దీనికి ప్రభుత్వం జీవో ఇవ్వనక్కరలేదు, ఎవరి సంతకమూ అక్కరలేదు. పెద్ద బడుల్లో లెక్కలు చెప్పే సోదరులు ఈ సభలో ముగ్గురు కనిపిస్తున్నారు. వారికి ఇది నా మనవి. ప్రశ్న వేసి కళ్లద్దాలు తుడుచుకోండి.

ఇంకొకటి. భయపడుతున్నప్పుడు బుర్ర ఎందుకు పనిచేయదో కూడా పరిశోధకులు చూశారు. 2001లో యాష్‌క్రాఫ్ట్, కిర్క్ అనే ఇద్దరు చూపించినదేమిటంటే, లెక్క చేస్తున్నప్పుడు మధ్య అంకెలను పట్టి ఉంచే జాగా మెదడులో కొంచెమే ఉంటుంది. దిగులు పడేవాడికి ఆ జాగాలో కొంత దిగులే ఆక్రమిస్తుంది. రెండు చేతుల్లో సరుకులు పట్టుకున్నవాడి నెత్తిన ఇంకొక మూట పెడితే ఏమౌతుంది? ఏదో ఒకటి జారుతుంది. జారేది మోసుకొచ్చే అంకె. తప్పు వస్తుంది, తిట్టు వస్తుంది, దిగులు పెరుగుతుంది. 2009 విద్యాహక్కు చట్టం పిల్లవాణ్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. బెత్తం చాలావరకు పోయింది. నాలుక మిగిలింది. నల్లబల్ల దగ్గర నిలబెట్టి "నీ మొహానికి లెక్కలొకటా" అనడం బెత్తం కంటే లోతుగా దిగుతుంది. ఎక్కాల పోటీ అని గడియారం పట్టుకుని పిల్లలను నిలబెడతారు. ఎక్కాలు రావలసిందే, నేను కాదనను. ఎక్కాలు రాని పిల్లవాడు చెప్పులు లేకుండా కొండ ఎక్కేవాడు. కానీ ఎక్కం నేర్పడానికి గడియారం ఎందుకు? మేము దో దునీ చార్, దో తియా ఛే అని రాగం తీయిస్తాం, తెలుగు బళ్లలో రెండు రెండ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు అని తీయిస్తారు. ఆ రాగం చాలు.

ఇప్పుడు ఇంటి సంగతికి వస్తాను. ఇక్కడ తల్లిదండ్రులు నన్ను క్షమించాలి.

పిల్లవాణ్ని బడికి తీసుకొచ్చి, వాడు పక్కన నిలబడి వింటుండగా ఒక తల్లి అంటుంది: "మాస్టర్ సాబ్, హమారే ఖాందాన్ మే కిసీకూ హిసాబ్ నై ఆతా." మా వంశంలోనే ఎవరికీ లెక్కలు రావు అని. ఆమె వినయంగానే అంటుంది. పక్క బడిలో తెలుగు తండ్రి అనేదీ ఇదే. "మా గుంటడికి లెక్కలెక్కవు మాష్టారూ, ఒగ్గేయండి." ఇద్దరూ తమ బిడ్డను కాపాడుతున్నామనుకుంటున్నారు. వింటున్న బిడ్డ మాత్రం లెక్కలు రాకపోవడం ముక్కు వంకర లాగా పుట్టుకతో వచ్చిందనీ, ఇక చేసేదేమీ లేదనీ గ్రహిస్తాడు. ఈ ఇంట్లోనే తండ్రి చదువురాకపోయినా పదిమంది ఖాతాలు నోటితో చెబుతాడు, తల్లి వడ్డీ డబ్బు పైసాతో సహా కడుతుంది. వీళ్లకా లెక్కలు రానిది?

2015లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. లెక్కలంటే బెదురున్న తల్లిదండ్రులు పిల్లల ఇంటిపనిలో తరచు సాయం చేస్తే, ఏడాది చివరకు ఆ పిల్లలు లెక్కలు తక్కువ నేర్చుకున్నారట, బెదురూ పెరిగిందట. సాయం చేయడం తప్పు కాదు. సాయంతో పాటు బెదురు కూడా అందుతోంది. లెక్క చెప్పడం రాని తల్లి ఏం చేయాలి మరి? మన విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివిన సి.ఆర్. రావుగారిని తలుచుకోండి. 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన తన పుస్తకం ఒకటి తల్లికి అంకితమిస్తూ, చిన్నతనంలో తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి పెట్టేదని రాసుకున్నారు. ఆమె లెక్క చేసి పెట్టిందని రాయలేదు. దీపం వెలిగించిందని రాశారు. మన ఇళ్లలో ఫజర్ వేళకు తల్లులు ఎలాగూ లేస్తారు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. 1999లో స్పెన్సర్, స్టీల్, క్విన్ అనేవారు లెక్కలు బాగా వచ్చిన ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకే కఠినమైన పరీక్ష పెట్టారు. ఈ పరీక్షలో ఆడామగా తేడా కనిపిస్తుందని చెప్పినప్పుడు ఆడపిల్లలు వెనుకబడ్డారు. ఈ పరీక్షలో తేడా ఏమీ కనిపించదని చెప్పినప్పుడు సమానంగా నిలిచారు. తర్వాత ఇటువంటి పరీక్షలు అనేకం జరిగాయి, అన్నింట్లోనూ ఫలితం ఇంత స్పష్టంగా రాలేదని కూడా చెప్పాలి. అయినా మాట బరువు ఎంతో ఆలోచించడానికి ఇది చాలు.

ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఇరాన్‌లో దొరుకుతుంది. మరియం మీర్జాఖానీ 1977లో టెహరాన్‌లో పుట్టింది. మాధ్యమిక పాఠశాలలో మొదటి ఏడాది ఆమెకు లెక్కలు బాగా రాలేదు. లెక్కల టీచరుకు ఆమెలో ప్రత్యేకమైన ప్రజ్ఞ ఏమీ కనబడలేదట. ఆ వయసులో ఎదుటివాళ్లు మనలో ఏం చూస్తున్నారన్నదే ముఖ్యమనీ, తనకు లెక్కల మీద ఆసక్తి పోయిందనీ ఆమే తర్వాత చెప్పింది. మరుసటి ఏడాది మరొక టీచరు వచ్చింది, ప్రోత్సహించింది. అంతే తేడా. 1994లోనూ 1995లోనూ అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో బంగారు పతకాలు. రెండోసారి నూటికి నూరు. 2014లో గణితంలో అత్యున్నతమైన ఫీల్డ్స్ పతకం అందుకున్న మొట్టమొదటి మహిళ ఆమె. 2017లో నలభై ఏళ్లకే కాన్సరుతో పోయింది. ఆ రెండో టీచరు రాకపోయి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. మన పేటల్లో రెండో టీచరు రాని మరియంలు ఎందరున్నారో కూడా చెప్పలేను.

మన సభల్లో ఎవరైనా లెక్కల మాట ఎత్తితే వెంటనే అల్ ఖ్వారిజ్మీ పేరు వస్తుంది. 9వ శతాబ్దంలో బాగ్దాదులో కూర్చుని ఆయన రాసిన అల్ జబ్ర్ పుస్తకం పేరే ఆల్జీబ్రా అయిందని చప్పట్ల మధ్య చెప్పుకుంటాం. నిజమే. సున్నను మనం సిఫర్ అంటాం. ఈ దేశంలో శూన్యం అన్నదాన్నే అరబ్బులు వాళ్ల మాటలోకి మార్చి సిఫర్ అన్నారు. ఆ అంకెలను వాళ్లు హిందూ అంకెలనే పిలిచారు. ఇచ్చిపుచ్చుకోవడం అంత పాతది. తెలుగులో మొట్టమొదటి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన కూడా జైనుడైన మహావీరాచార్యుని సంస్కృత గ్రంథాన్ని తెచ్చి తెలుగు చేశాడు. ఇదంతా పిల్లలకు చెప్పవలసిందే. కానీ ఖ్వారిజ్మీ ఎంత గొప్పవాడైనా మన ఆరో తరగతివాడి భిన్నాల లెక్క ఆయన వచ్చి చేయడు. పూర్వుల ఘనత విన్న పిల్లవాడు, ఆ వంశంలో పుట్టి నాకు రావడం లేదే అని మరింత కుంగిపోవడం కూడా నేను చూశాను.

ధైర్యం ఎక్కడినుంచి వస్తుందన్నదాన్ని 1977లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాశాడు. అన్నింటికంటే బలమైనది తాను స్వయంగా ఒక పని చేసి గెలవడం. దాని తర్వాత తనలాంటివాడు గెలవడం కళ్లారా చూడడం. ఇతరులు శభాష్ అనడం ఆ తర్వాతే. మనం మాత్రం ఎక్కువ ఖర్చు చేసేది ఈ శభాష్ మీదే. పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట చెబుతాను. మన సంఘం ప్రతి ఏడూ ఫస్టు ర్యాంకు వచ్చినవాళ్లకు షీల్డులు ఇస్తోంది. మంచిదే. కానీ షీల్డు తీసుకునే పిల్లకు ధైర్యం ముందే ఉంది. 12 మార్కుల నుంచి 38కి వచ్చిన పిల్లవాడు చప్పట్లు కొట్టి ఇంటికి పోతున్నాడు. అతన్ని వేదిక మీదికి పిలిస్తే, వెనుక బెంచీల్లో 12 మార్కుల దగ్గర ఉన్న మిగతావాళ్లు తమలాంటివాణ్ని చూసినట్టవుతుంది.

స్వయంగా గెలవడం అన్నాను. మన పిల్లలు రోజూ గెలుస్తూనే ఉన్నారు, అది లెక్క అని వాళ్లకు తెలియదు. విజయనగరం గంటస్తంభం దగ్గర గానీ, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో గానీ పండ్ల బండి దగ్గర కూర్చున్న పిల్లవాణ్ని చూడండి. కిలో 80 రూపాయల జామకాయలు పౌనే దో కిలో ఇవ్వమంటే వాడు కాగితం తీయడు. రెండు కిలోలు 160, అందులో పావుకు 20 తీసేస్తే 140 అని సంచీ కట్టేస్తాడు. వాడికే మరునాడు బడిలో ఒకటి ముప్పావును 80తో హెచ్చవేయమని బల్ల మీద రాస్తే చెమటలు పడతాయి. 1985లో బ్రెజిల్‌లో ముగ్గురు పరిశోధకులు వీధుల్లో అమ్ముకునే అయిదుగురు పిల్లలను ఇలాగే పరీక్షించారు. బేరంలో నూటికి 98 లెక్కలు సరిగ్గా చేశారు. అవే లెక్కలు ఉత్త అంకెలుగా కాగితం మీద ఇస్తే నూటికి 37. మొన్న 2025లో నేచర్ పత్రికలో కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద పెద్ద పరిశోధన వచ్చింది. అదే కథ. అందులో ఇంకొక సంగతి కూడా ఉంది. బడిలో బాగా చేసే పిల్లలు బజారు లెక్కల్లో తడబడ్డారు. అంటే రెండు గట్ల మధ్య వంతెన ఎవరూ కట్టలేదు.

ఆ వంతెనకు కావలసిన కర్ర మన ఇంటి భాషలోనే ఉంది. పావ్, ఆధా, పౌన్, సవా, డేఢ్, ఢాయీ, సాఢే. ఒకటిన్నరకూ రెండున్నరకూ విడి విడిగా పేర్లున్నాయి మనకు. అంకెల పేర్లు మన పిల్లవాణ్ని ఏడిపించిన భాషే భిన్నాల దగ్గర ఇలా ఆదుకుంటోంది. దర్జీ ఇంటి పిల్లవాడికి గజానికి పదహారు గిరహ్‌లని తెలుసు. పదహారో వంతు అంటే బెదరవలసిన పని లేదు వాడికి. నేను మూడు బై నాలుగు అని బల్ల మీద రాసి "ఇది మీ ఇంట్లో ఏమిటి?" అని అడుగుతాను. ఒకటి రెండు రోజులు ఎవరూ చెప్పరు. తర్వాత ఒక అమ్మాయి మెల్లగా "పౌన్" అంటుంది. ఆ క్షణాన మిగతా పిల్లలందరూ బల్ల వైపు చూసే చూపు మారుతుంది. తెలుగు పిల్లలకు ముప్పావు, పరక, వీసం ఉండేవి. పాత తెలుగు మాష్టార్లు వాటికీ ఎక్కాలు చెప్పించేవారట. అవి ఎందుకు పోగొట్టుకున్నారో నాకు అర్థం కాదు.

ఇంటి భాషను మెట్టుగా వేసుకుని పైకి ఎక్కించడం కొత్త ఆలోచన కాదు. దీనికి పెద్దమనిషి మన జిల్లావాడే. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు నడిపారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరూ చెప్పుకుంటారు, సవర బళ్ల మాట తక్కువమంది చెప్పుకుంటారు. ఒక బ్రాహ్మణ పంతులు కొండ మీది పిల్లల కోసం వాళ్ల మాట నేర్చుకున్నాడు. పెద్ద బడిలోని లెక్కల మాష్టారు మన పిల్లల కోసం ఉర్దూ నేర్చుకోవాలని నేను అడగడం లేదు. పిల్లవాడు జవాబు ఉర్దూలో చెప్పినా తప్పనకుండా, "సరే, దాన్నే తెలుగులో చెప్పు" అంటే చాలు.

ఇక మనం చేయవలసిన పని. ఉపన్యాసాలు ప్రతి ఏడూ ఉంటాయి గనుక ఈసారి పనితో ముగిస్తాను. అయిదో తరగతి దాటి పెద్ద బడికి వెళ్లబోయే పిల్లలకు వేసవిలో ఆరు వారాలు, రోజుకు గంటన్నర, సంఘం హాలులో లెక్కలు చెప్పాలని ఉంది. కొత్త పాఠాలు కాదు. పాత లెక్కలే మూడు భాషల్లో. నూరు లోపు అంకెలను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ తడుముకోకుండా చెప్పగలగడం, మూడు వందల మాటలు అక్కరలేదు, ఒక అరవై మాటలు మూడు భాషల్లో తెలియడం. ఆ అరవై మాటల పట్టిక నేను రాసి ఉంచాను. అచ్చు వేయించే ఖర్చు ఖజానాదారుగారికి భారమేమీ కాదు. జూన్ 12న బడులు తెరుస్తారు, ఆలోగా పూర్తి కావాలి. చెప్పడానికి డిగ్రీ చదువుతున్న మన ఆడపిల్లలు ఇద్దరు ఒప్పుకున్నారు. ఇద్దరూ మా బడిలో చదివినవాళ్లే. అందులో ఒకమ్మాయి పదో తరగతిలో లెక్కలు రెండోసారి రాసి గట్టెక్కింది. కావాలనే ఆమెను అడిగాను.

పిల్లల పేర్లు ఇవ్వదలచినవారు భోజనాలయ్యాక కార్యదర్శిగారి దగ్గర రాయించవచ్చు. తెలుగు ఇళ్ల పిల్లలు వచ్చినా కూర్చోబెట్టుకుంటాం. హాలులో బెంచీలు ఉన్నాయి, చాపలు ఉన్నాయి. నల్లబల్ల ఒకటి లేదు. ఎవరి దగ్గరైనా పాతది పడి ఉంటే పంపించండి, రంగు మేమే వేసుకుంటాం.